ముంబై వీటీ స్టేషన్: తెలుగు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి వైపు నుంచి ఎవరైనా ముంబై వస్తున్నారంటే ముందు రోజు రాత్రి నాకు ఫోన్ తప్పదు. "స్టేషన్‌లో దిగాక ఎటు పోవాలి? లోకల్ ఎక్కగలమా? లగేజీ ఉంది, పిల్లలున్నారు..." అందరికీ అదే టెన్షన్. ముంబై స్టేషన్లన్నిట్లో కొత్తవాళ్లకు సులువైనది వీటీయే అని నేనంటే ఎవరూ నమ్మరు. ఇన్నేళ్లుగా ఫోన్‌లో చెప్పిన జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

వీటీ, సీఎస్‌టీ, సీఎస్‌ఎంటీ... ఇవన్నీ ఒకటేనా?

ఒకటే. విక్టోరియా రాణి సింహాసనమెక్కి 50 ఏళ్లు నిండిన 1887లో ఆమె పేరుతో విక్టోరియా టెర్మినస్ అన్నారు. 1996లో ఛత్రపతి శివాజీ టెర్మినస్ అయింది. 2017లో 'మహారాజ్' చేరింది. టికెట్ మీద, యాప్‌లో సీఎస్‌ఎంటీ అనే ఉంటుంది. టాక్సీ అతను మాత్రం ఈ రోజుకీ "వీటీ?" అనే అడుగుతాడు. కాబట్టి నేనూ ఇక్కడ వీటీ అనే రాస్తాను. ఇంకా పాత పేరు బోరీ బందర్. 1853 ఏప్రిల్ 16న మన దేశపు మొదటి ప్రయాణికుల రైలు ఠాణేకు బయలుదేరింది అక్కడి నుంచే. ఇప్పటి భవనం తర్వాత వచ్చింది.

మా రైలు నేరుగా వీటీకే వస్తుందా?

ముందు టికెట్ తీసి చూసుకోండి. సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. హుస్సేన్‌సాగర్, దేవగిరి, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు వీటీ దాకా వస్తాయి. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చే ఎల్‌టీటీ రైళ్లు మాత్రం కుర్లా దగ్గరున్న లోకమాన్య తిలక్ టెర్మినస్‌లోనే ఆగిపోతాయి. "ముంబై రైలే కదా" అని వీటీలో ఎదురుచూస్తూ నిలబడ్డ మేనమామలు నాకు తెలుసు.

ఎల్‌టీటీలో దిగితే నడిచి వెళ్లేంత దూరంలో తిలక్‌నగర్ అనే లోకల్ స్టేషన్ ఉంది. అక్కడ హార్బర్ లైన్ లోకల్ ఎక్కితే నేరుగా వీటీకి వస్తుంది.

ఇంకో మాట. మీరు వెళ్లాల్సింది డోంబివలీ, ఠాణే లాంటి శివారుకైతే వీటీ దాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లడం దండగ. కళ్యాణ్‌లోనో దాదర్‌లోనో దిగిపోండి. మీ రైలు అక్కడ ఆగుతుందో లేదో బుక్ చేసేటప్పుడే చూసుకోవాలి.

రైలు దిగాక లోకల్ ప్లాట్‌ఫారాలు ఎటు?

రైలు ఏ వైపు వచ్చి ఆగిందో అదే వైపు, ఇంజిన్ దిక్కుగా నడవండి. పట్టాలు అయిపోయే చోట పెద్ద హాలు వస్తుంది. అక్కడ కుడి వైపు తిరిగితే లోకల్స్, అంతే.

మొత్తం 18 ప్లాట్‌ఫారాలు. 1, 2 హార్బర్ లైన్ (నవీ ముంబై వైపు). 3 నుంచి 7 దాకా మెయిన్ లైన్ (దాదర్, ఠాణే, కళ్యాణ్ వైపు) లోకల్స్. 8 నుంచి 18 దాకా దూర ప్రయాణం రైళ్లు. వీటీ సులువని నేననేది ఇందుకే. పట్టాలు ఇక్కడితో ఆగిపోతాయి కాబట్టి ప్లాట్‌ఫారాలన్నీ ఒకే హాల్లోకి తెరుచుకుంటాయి. మెట్లెక్కి వంతెన దాటి మళ్లీ మెట్లు దిగే పని లేదు. చక్రాల సూట్‌కేస్ లాక్కుంటూ 18 నుంచి 1కి నేల మీదే వెళ్లిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను తీసుకొస్తే దాదర్ కంటే వీటీలో దిగడమే నయం.

రెండో సుఖం, ప్రతి లోకల్ ఇక్కడి నుంచే మొదలవుతుంది. రైలు వచ్చి ఆగుతుంది, దిగేవాళ్లు దిగుతారు, రెండు మూడు నిమిషాలు నిలబడుతుంది. ముంబైలో ఇంత తీరిగ్గా లోకల్ ఎక్కే అదృష్టం చాలా స్టేషన్లకు లేదు. సాయంత్రం మాత్రం ఈ మాట వర్తించదు. దాని గురించి కింద చెబుతాను.

స్లో, ఫాస్ట్ అంటే ఏమిటి? ఇండికేటర్ ఎలా చదవాలి?

స్లో లోకల్ ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది. ఫాస్ట్ కొన్నింట్లోనే ఆగుతుంది. వీటీ తర్వాత సాధారణంగా బైకుల్లా, దాదర్, కుర్లా, ఘాట్‌కోపర్, తర్వాత ఒకటో రెండో మధ్య స్టేషన్లు, ఠాణే. అనౌన్స్‌మెంట్ మరాఠీలో వస్తే 'ధీమీ' అంటే స్లో, 'జలద్' అంటే ఫాస్ట్. ఠాణేకు ఫాస్ట్‌లో ముప్పావు గంట, స్లోలో గంట వేసుకోండి.

ఇండికేటర్, అంటే రైలు వివరాలు చూపించే బోర్డులో మూడు సంగతులు చూడాలి. ఎడమ పక్కన ఇంగ్లీషు అక్షరం రైలు ఎక్కడిదాకా వెళ్తుందో చెబుతుంది. మధ్యలో టైము. కుడి పక్కన ఎస్ ఉంటే స్లో, ఎఫ్ ఉంటే ఫాస్ట్. గమ్యాల అక్షరాల్లో టి అంటే ఠాణే, కె అంటే కళ్యాణ్, ఎ అంటే అంబర్‌నాథ్, బిఎల్ అంటే బద్లాపూర్. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కర్జత్‌కు ఎస్, కసారాకు ఎన్! కళ్యాణ్ దాటాక లైను రెండుగా చీలుతుంది. ఆ చీలికల దిక్కులను బట్టి వచ్చిన అక్షరాలవి.

నేను ముంబై వచ్చిన కొత్తలో మాటుంగా వెళ్లాలి. అక్కడ స్లో మాత్రమే ఆగుతుందని ఎవరో చెప్పారు. బోర్డు మీద ఎడమ పక్క 'ఎస్' చూశాను, స్లో దొరికిందని ఎగిరి ఎక్కాను. కుడి పక్కనున్న 'ఎఫ్' చూడనే లేదు. అది కర్జత్ ఫాస్ట్. దాదర్ దాటింది, మాటుంగా ప్లాట్‌ఫారం కళ్ల ముందే సర్రున వెనక్కి పోయింది, కుర్లాలో గానీ ఊపిరి ఆడలేదు. పక్కాయన నవ్వి "పెహలీ బార్?" అన్నాడు. అప్పటి నుంచి ఎవరు వచ్చినా ముందు ఈ రెండు ఎస్‌ల కథ చెప్పి గానీ స్టేషన్‌లోకి పంపను. ఇప్పుడు చాలా బోర్డుల మీద ఊరి పేరు పూర్తిగా కూడా కదులుతూ కనిపిస్తుంది. అది వచ్చేదాకా ఒక్క క్షణం ఆగండి.

హార్బర్ లైన్ ఎవరికి?

నవీ ముంబై వెళ్లేవాళ్లకు. వాశీ, నెరూల్, బేలాపూర్, పన్వెల్ అన్నీ ఇదే లైను మీద ఉన్నాయి. చెంబూర్, గోవండీ కూడా. వడాలా రోడ్ దగ్గర ఈ లైను రెండుగా విడిపోతుంది. ఒకటి కుర్లా మీదుగా పన్వెల్ వైపు, ఇంకొకటి మాహిమ్, బాంద్రా, అంధేరీ మీదుగా గోరేగావ్ వైపు. పన్వెల్ వెళ్లాల్సినవాళ్లు గోరేగావ్ బండి ఎక్కితే వడాలాలో దిగి మారాలి.

దేశంలో కరెంటుతో నడిచిన మొదటి రైలు కూడా ఈ లైనుదే. 1925 ఫిబ్రవరి 3న వీటీ నుంచి కుర్లా దాకా హార్బర్ మీదుగానే నడిచింది. హార్బర్ బండ్లో కూర్చుంటే మస్జిద్ దాటగానే ఒకసారి కిందికి చూడండి. శాండ్‌హర్స్ట్ రోడ్ స్టేషన్ రెండంతస్తులది. మెయిన్ లైన్ బండ్లు కింద, హార్బర్ బండ్లు పైన.

టికెట్ ఎలా తీసుకోవాలి? ఎక్స్‌ప్రెస్ టికెట్ మీద లోకల్ ఎక్కేయొచ్చా?

లోకల్‌కు వేరే టికెట్ తీసుకోండి. సెకండ్ క్లాస్ కనీస చార్జీ 5 రూపాయలు. వీటీ నుంచి దాదర్ ఆ 5 రూపాయల్లోనే వస్తుంది. కౌంటర్ ఉంది, టికెట్ మెషీన్లు ఉన్నాయి, రైల్‌వన్ యాప్ ఉంది. యాప్‌లో పేపర్‌లెస్ టికెట్ తీసుకునేవాళ్లు స్టేషన్ బయట ఉండగానే తీసుకోవాలి. పట్టాల దగ్గరికి వచ్చేస్తే జీపీఎస్ ఒప్పుకోదు. లోపలికి వచ్చి టీసీని చూశాక యాప్ తెరిచే తెలివిగలవాళ్ల కోసమే ఆ ఏర్పాటు. టికెట్ తీసుకున్న గంటలోపు ప్రయాణం మొదలుపెట్టాలి.

టికెట్ లేకుండా దొరికితే చార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా. సెకండ్ క్లాస్ టికెట్‌తో ఫస్ట్ క్లాస్‌లోనో ఏసీ లోకల్‌లోనో ఉన్నా తప్పే. కొత్తవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఈ రెండో రకంగానే. ఎందుకంటే ఫస్ట్ క్లాస్ డబ్బా లోపల చూడ్డానికి పెద్ద తేడా ఉండదు. సీటు కాస్త మెత్తన, జనం కాస్త పలచన. బయట డబ్బా మీద ఏటవాలు చారలుంటే అది ఫస్ట్ క్లాస్ అని గుర్తు. ప్లాట్‌ఫారం గోడల మీద, స్తంభాల మీద కూడా ఆ చారలే వేసి ఉంటాయి.

ఆడవాళ్లకు విడిగా డబ్బాలు ఉన్నాయా?

ప్రతి లోకల్‌లోనూ ఉన్నాయి. తల మీద కొంగు వేసుకున్న మహిళ బొమ్మ డబ్బా మీద కనిపిస్తుంది. కొన్ని 24 గంటలూ మహిళలకే. కొన్ని మాత్రం కొన్ని గంటల్లోనే మహిళలవి, మిగతా వేళల్లో అందరివీ. ఆ వేళలు తలుపు పక్కనే రాసి ఉంటాయి. రాత్రి పూట ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు 24 గంటల డబ్బానే ఎంచుకోవడం మంచిది. కుటుంబంగా వస్తే విడిపోవడం ఎందుకని అందరూ జనరల్‌లో దూరతారు. రద్దీ వేళల్లో అదే పొరపాటు. ఏ స్టేషన్‌లో దిగాలో, దిగాక ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని, ఆడవాళ్లను వాళ్ల డబ్బాలోనే ఎక్కించండి.

పెద్ద లగేజీతో లోకల్ ఎక్కొచ్చా?

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా అయితే హాయిగా ఎక్కొచ్చు. పొద్దున రద్దీ అంతా వీటీ వైపు వస్తుంది, సాయంత్రం వీటీ నుంచి వెనక్కి పోతుంది. కాబట్టి పొద్దున తొమ్మిదికి మీరు వీటీలో దిగి శివారుకు వెళ్తుంటే మీకు ఎదురు దిశ, సీటు కూడా దొరుకుతుంది. సాయంత్రం ఆరుకు అదే పని చేయబోతే మాత్రం దండం పెట్టి టాక్సీ చూసుకోండి. లోకల్‌లో లగేజీ డబ్బా అని ఒకటి ఉంటుంది గానీ అది చేపల బుట్టలు, కూరగాయల మూటలు మోసేవాళ్ల కోసం. సూట్‌కేసుతో అక్కడ నిలబడితే ఎవరికీ సుఖం ఉండదు.

సామాను దించి ఊరు చూసొద్దామనుకుంటే స్టేషన్‌లో క్లోక్ రూం ఉంది. బ్యాగులకు తాళం ఉండాలి.

సాయంత్రం రద్దీ నిజంగా అంత భయంకరమా?

చూడ్డానికి భయంకరం, లోపల ఒక పద్ధతి ఉంది. సాయంత్రం బండి ఇంకా ఆగకముందే జనం దూకి ఎక్కుతారు. మీరు దూకకండి. పక్కకు జరిగి నిలబడి, ఆగాక ఎక్కండి. కిటికీ సీట్లు ఎలాగూ రావు. కొందరు పాత కాపులు ఇంకో ఉపాయం చేస్తారు. వీటీలో తోసుకోవడం ఎందుకని ముందు స్టేషన్ మస్జిద్‌లోనే ఖాళీ బండి పట్టుకుని, వీటీకి వచ్చి, కూర్చున్న చోటే కూర్చుని తిరిగి వెళ్తారు.

ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగో మనిషికి చోటివ్వాలన్నది రాయని రూల్. దాన్ని చౌథీ సీట్ అంటారు. ఒక తొడ బల్ల మీద, ఇంకొకటి గాల్లో. ఎవరైనా మిమ్మల్ని "కహా?" అని అడిగితే గొడవకు అనుకోకండి. మీరు ఎక్కడ దిగుతారో తెలిస్తే మీ సీటు తనకు రిజర్వ్ చేసుకుందామని. నిజం స్టేషన్ చెప్పండి.

దాదర్‌లో దిగాల్సినవాళ్లు సాయంత్రం కర్జత్, కసారా ఫాస్ట్‌లు ఎక్కకపోవడం మర్యాద. గంటన్నరా రెండు గంటలు ప్రయాణం చేసేవాళ్ల బండ్లవి. పది నిమిషాల ప్రయాణానికి మీరు తలుపు దగ్గర అడ్డం నిలబడితే వాళ్లకు ఒళ్లు మండుతుంది. పైగా దిగనివ్వకుండా లోపలికి తోసేస్తారేమోనన్న భయం మీకూ ఉంటుంది. వెనకే వచ్చే స్లో ఎక్కండి.

మెట్రో ఉందా? ఎయిర్‌పోర్టుకు ఎలా వెళ్లాలి?

ఇప్పుడు ఉంది, ఈ స్టేషన్‌కు జరిగిన మంచి ఇదే. ఆక్వా లైన్ అనే మూడో నంబరు మెట్రో 2025 అక్టోబరులో వీటీ మీదుగా కఫ్ పరేడ్ దాకా పూర్తయింది. మొత్తం 33.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, ఆరే దగ్గరి ఒక్కటి తప్ప అన్నీ భూమి కిందే. చార్జీ దూరాన్ని బట్టి 10 నుంచి 70 రూపాయలు. వీటీ నుంచి బండి మారకుండా ఎయిర్‌పోర్టు టీ1, టీ2 రెండింటికీ వెళ్లొచ్చు. ఇదివరకు లోకల్‌లో అంధేరీ దాకా వెళ్లి, అక్కడ ఆటో బేరమాడి, ట్రాఫిక్‌లో వాచీ చూసుకుంటూ కూర్చునేవాళ్లం.

రెండు హెచ్చరికలు. మెట్రో టికెట్ వేరు, లోకల్ టికెట్ వేరు. రాత్రి పదిన్నర తర్వాత మెట్రో ఉండదు కాబట్టి తెల్లవారుజాము విమానాలకు దీన్ని నమ్ముకోవద్దు.

సిద్ధివినాయక్ గుడికి కూడా ఇదే మెట్రో. స్టేషన్ పేరే సిద్ధివినాయక్. ధారావి, బీకేసీ (బాంద్రా కుర్లా కాంప్లెక్స్), వర్లీ అన్నీ ఈ దారిలోనే.

వెస్టర్న్ లైన్ వైపు, అంటే బోరివలీ, విరార్ వైపు వెళ్లాలంటే?

వీటీ నుంచి వెస్టర్న్ మెయిన్ బండ్లు ఉండవు. అవి చర్చిగేట్ నుంచి బయలుదేరతాయి. మూడు దారులున్నాయి. చర్చిగేట్ దాకా నడవడం, ఇరవై నిమిషాలు. మెట్రోలో రెండు స్టేషన్లు, హుతాత్మా చౌక్ తర్వాత చర్చిగేట్. లేదా మెయిన్ లైన్‌లో దాదర్ దాకా వెళ్లి అక్కడ మారడం.

దాదర్‌లో మారడం అందరూ చెప్పే సలహా. కొత్తవాళ్లకు నేను చెప్పను. ఆ వంతెన మీద జనం నది లాంటివాళ్లు, వాళ్లు ఎటు పోతే మీరూ అటే. 2023 డిసెంబరు నుంచి అక్కడ ప్లాట్‌ఫారాలకు వరస నంబర్లు ఇచ్చారు. వెస్టర్న్ 1 నుంచి 7, సెంట్రల్ 8 నుంచి 14. అంతకుముందు రెండు వైపులా ఒకటో నంబరు ఉండేది. ఎవరైనా పాత అలవాటు కొద్దీ "దాదర్ రెండో నంబర్‌లో నిలబడు" అంటే ఏ రెండు అని అడగండి.

ఆటో దొరుకుతుందా?

దొరకదు. దక్షిణ ముంబైలో ఆటోలకు అనుమతి లేదు. సయన్, బాంద్రా దాటాకే ఆటోలు. వీటీ బయట నలుపు పసుపు టాక్సీలు ఉంటాయి. 2025 ఫిబ్రవరి నుంచి కనీస చార్జీ 31 రూపాయలు. మీటర్ వేయమని కూర్చునే ముందే అడగండి. దూర ప్రయాణం రైలు దిగి సామానుతో కళ్లు నలుపుకుంటూ వచ్చేవాళ్లకే "ఫిక్స్ రేట్" చెబుతారు. నాలుగడుగులు రోడ్డు మీదికి నడిచి, వెళ్తున్న టాక్సీని ఆపితే ఆ బేరం ఉండదు.

బెస్ట్ అనే సంస్థ నడిపే సిటీ బస్సులు స్టేషన్ ముందు నుంచే దొరుకుతాయి. కనీస చార్జీ మామూలు బస్సులో 10, ఏసీ బస్సులో 12 రూపాయలు. పిల్లలతో వస్తే ఏసీ డబుల్ డెక్కర్ ఎక్కించండి. 2023 ఫిబ్రవరిలో ఇవి మొదటగా నడిచింది వీటీ నుంచి నారీమన్ పాయింట్ చివరనున్న ఎన్‌సీపీఏ అనే కళల కేంద్రం దాకానే. పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఊరంతా మీదే.

నడిచి చూసే చోట్లు ఏమున్నాయి?

బోలెడు. ఉత్తరంగా పది నిమిషాలు నడిస్తే క్రాఫర్డ్ మార్కెట్. స్టేషన్‌కు ఎదురుగా కార్పొరేషన్ భవనం. దాన్నీ స్టేషన్ కట్టిన ఫ్రెడరిక్ విలియం స్టీవెన్సే కట్టాడు, 1893లో పూర్తయింది. తూర్పు పక్కన జనరల్ పోస్టాఫీసు. దాని గుమ్మటం చూసి "ఇది బీజాపూర్ గోల్‌గుంబజ్‌లా ఉందే" అనిపిస్తే మీ కళ్లు చురుకైనవే, అది చూసే గీశారు.

గేట్‌వే ఆఫ్ ఇండియా రెండు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి ఎలిఫెంటా గుహలకు లాంచీలు ఉంటాయి. సోమవారం గుహలు మూసేస్తారు, పడవ ఎక్కే ముందు వారం గుర్తుచేసుకోండి.

స్టేషన్ భవనంలో ముఖ్యంగా ఏం చూడాలి?

అరగంట తీరిక చేసుకోండి. రోజూ లక్షల మంది దీని కింద నుంచి తల వంచుకుని ఫోన్ చూసుకుంటూ పోతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే పోయాను.

ముందు రోడ్డు దాటి కార్పొరేషన్ వైపు నిలబడండి. 1878లో పని మొదలైంది, పూర్తవడానికి పదేళ్లు పట్టింది. ఖర్చు అప్పట్లో సుమారు 16 లక్షల రూపాయలు. గీయడానికి ముందు స్టీవెన్స్ పది నెలలు యూరప్ తిరిగి అక్కడి స్టేషన్లు చూసొచ్చాడు. గుమ్మటం పైన ఒక స్త్రీ నిలబడి ఉంటుంది. కుడి చేతిలో పైకెత్తిన కాగడా, ఎడమ పక్కన చువ్వల చక్రం. ఆమె పేరు ప్రగతి. చాలామంది విక్టోరియా రాణి అనుకుంటారు. రాణి విగ్రహం గడియారం కింద ఉండేది, స్వాతంత్ర్యం తర్వాత తీసేశారు. ఆ గూడు ఖాళీగా ఉంది.

గేటు స్తంభాల మీద ఒక పక్క సింహం, ఒక పక్క పులి. సింహం బ్రిటన్‌కు, పులి మన దేశానికి గుర్తు. గోడల నిండా నెమళ్లు, కోతులు, ఆకులు, వింత ముఖాలు. వీటిలో చాలా మటుకు జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థులు చెక్కినవి. వర్షాకాలంలో చూస్తే కొన్ని జంతువుల నోళ్లలోంచి నీళ్లు పడుతుంటాయి.

ముఖభాగంలో గుండ్రటి చట్రాల్లో పదిమంది తలలు కనిపిస్తాయి. ఈ రైల్వే పెట్టిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా కంపెనీ డైరెక్టర్లు వాళ్లు. అందులో తలపాగా ఉన్నవాళ్లను వెతకండి. ఒకరు జంషెడ్జీ జీజీభాయ్, ఇంకొకరు జగన్నాథ్ శంకర్‌సేఠ్. మీరు మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ఈ జగన్నాథ్ శంకర్‌సేఠ్ పేరు మీదే ఉంది, ముంబై సెంట్రల్ దగ్గర.

తర్వాత లోపలికి, లోకల్ టికెట్ కౌంటర్ల హాలుకు. దీన్ని స్టార్ చాంబర్ అంటారు. నున్నటి రాతి స్తంభాలు, కోసు కమానులు, తల ఎత్తితే నీలి కప్పు మీద బంగారు రంగు నక్షత్రాలు. కింద మాత్రం 5 రూపాయల టికెట్ కోసం చిల్లర వెతుక్కునే క్యూ. ఈ రెండూ ఒకే గదిలో ఉండటమే నాకు ఈ స్టేషన్‌లో అన్నిటికంటే ఇష్టం. చూడ్డానికి వేరే టికెట్ అక్కర్లేదు, క్యూలో నిలబడితే చాలు.

2004లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది.

గుమ్మటం కిందికి వెళ్లనిస్తారా?

మామూలుగా వెళ్లనివ్వరు. ఆ భాగం సెంట్రల్ రైల్వే ప్రధాన కార్యాలయం, ఉద్యోగులు పనిచేసుకుంటుంటారు. పనిదినాల్లో మధ్యాహ్నం పూట టికెట్ పెట్టి హెరిటేజ్ గ్యాలరీ, పెద్ద మెట్లు చూపించే ఏర్పాటు ఉంటూ వచ్చింది. వెళ్లే ముందు వేళలు కనుక్కోండి. బయటి నుంచి ఫొటోలకు అడ్డేమీ లేదు. చీకటి పడ్డాక రంగు దీపాలు వేస్తారు. ఆ రంగులు నాకు అంతగా నచ్చవు, రాయి అసలు రంగు సాయంత్రం ఎండలోనే బాగుంటుంది.

అంతా తవ్వేసి ఉందేమిటి?

స్టేషన్‌ను తిరిగి అభివృద్ధి చేసే పని నడుస్తోంది. 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం న్యూఢిల్లీ, అహ్మదాబాద్, వీటీ మూడింటికీ కలిపి సుమారు 10,000 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. రేకుల గోడలు, దారి మళ్లింపులు ఉంటాయి. పోయినసారి వెళ్లిన దారి ఈసారి మూసి ఉండొచ్చు. పాత వారసత్వ భవనం జోలికి పోరు.

తినడానికి, నడుం వాల్చడానికి?

18వ ప్లాట్‌ఫారం వైపు పాత రైలు పెట్టెలో నడిచే రెస్టారెంట్ ఉంది. పిల్లలు సరదా పడతారు. వడాపావ్ ఎక్కడైనా దొరుకుతుంది. పచ్చిమిర్చి వేయించి పక్కన పెడతారు, అది వదలకండి. ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ కావాలంటే స్లో లోకల్‌లో మాటుంగా వెళ్లాలి. ఇంకోసారి చెబుతున్నా, స్లో.

పడుకోవడానికి రిటైరింగ్ రూములు, స్లీపింగ్ పాడ్‌లు ఉన్నాయి. పాడ్ అంటే మనిషి పట్టేంత పెట్టె, ఏసీ, చార్జింగ్ ఉంటాయి. గది అనుకుని వెళ్లిన మా బాబాయి లోపలికి తొంగిచూసి "ఇది మనుషులకేనా?" అన్నాడు. పొద్దున లేచి బాగా నిద్ర పట్టిందన్నాడు.

ఆదివారం బండ్లు తక్కువా?

తక్కువే. పైగా మెగాబ్లాక్ ఉంటుంది. పట్టాలు, వైర్ల మరమ్మతు కోసం ఆదివారాల్లో పగటి పూట కొన్ని గంటలు ఏదో ఒక లైను ఆపుతారు. ఫాస్ట్ బండ్లు స్లో పట్టాల మీదికి మారతాయి, హార్బర్ ఒక్కోసారి పూర్తిగా ఆగుతుంది. ఆదివారం రైలు అందుకోవాల్సి ఉంటే శనివారమే ఆ వార్త చూసుకుని గంట ముందు బయలుదేరండి.

రాత్రి చివరి లోకల్ తప్పిపోతే?

అర్ధరాత్రి దాటి కాసేపటికి చివరి బండ్లు వెళ్లిపోతాయి. మళ్లీ తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో మొదలు. మధ్యలో మూడున్నర గంటలు లోకల్ ఉండదు. ఒంటరిగా ఉంటే బయట తిరగకండి. దూర ప్రయాణం రైళ్ల హాల్లో రాత్రంతా జనం ఉంటారు, పోలీసులూ ఉంటారు. దుప్పటి పరుచుకుని పడుకున్న కుటుంబాల పక్కన ఒక స్తంభం చూసుకుని ఆనుకోండి, బ్యాగు పట్టీ చేతికి చుట్టుకోండి. నాలుగవుతుందనగా టీ అమ్మే గొంతు ముందు వినిపిస్తుంది, తర్వాత 1వ నంబరు వైపు నుంచి మొదటి హారన్.